రెండో ఓబో

గుడ్మున్ పొద్దున ఏడున్నరకే, సన్నాయిలాంటి తన ఓబోకి మూడో రెల్లుపీక చెక్కుతున్నాడు. బొటనవేలి మీద ఆనించి, చిన్న చాకుతో వెంట్రుకవాసి పొర తీసి, పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. కాకి అరిచినట్టు పలికింది. మళ్ళీ చెక్కాడు. ముప్పయ్యేళ్ళ చెక్కుడుకి ఆ వేలు కాయకాచి మొద్దుబారిపోయింది. కిటికీ అవతల బెర్గెన్ నగరపు వాన.

"ఇవాళేగా ఆ పెద్ద సోలో రిహార్సలు?" కాఫీ పోస్తూ అడిగింది భార్య రాగ్నా.

"అవును. నాది కాదు."

"నీదని నేనన్నానా? పొద్దున్నే ఆ మొహమేంటి, పాలు విరిగిపోయేలా!"

సోలో మొదటి ఓబో వాయించే సున్నివాది; గుడ్మున్‌ది రెండో ఓబో. పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆమెకు ఓబో పట్టుకోవడం నేర్పింది గుడ్మునే. పదేళ్ళ కిందట వాద్యబృందంలో మొదటి ఓబో కుర్చీ ఖాళీ అయితే దానికోసం ఇద్దరూ, ఎవరు ఎవరో పరీక్షించేవాళ్ళకి తెలియకుండా, తెరచాటున వాయించారు. కుర్చీ ఆమెకు దక్కింది. "ఆ రోజు నా పీక చెమ్మెక్కింది, లేకపోతేనా!" అని కనిపించినవాడికల్లా చెప్పాడు. చెప్పి చెప్పి తనే నమ్మాడు. రోజూ ఆమె స్వరమిస్తే ఎనభైమందీ శ్రుతి చేసుకుంటారు. తనూ చేసుకుంటాడు. పుండు మీద రోజూ కారం.

ఇవాళ్టి రిహార్సల్లో సోలోకి కాస్త ముందు సున్నివా పీక చీలింది. ఆమె మిగతా పీకలింకా నీళ్ళలో తడపలేదు, పొడి రెల్లు పలకదు.

"మాస్టారూ, ఒకటి ఇవ్వండి, తొందరగా."

అతని డబ్బాలో తడిపినవి మూడున్నాయి. రెండు మేలైనవి. మూడోది పై స్వరాల్లో కిందికి జారుతుంది. వేళ్ళు దాని మీదికే వెళ్ళాయి.

మొదటి పై స్వరమే జారింది. వాద్యబృంద నిర్దేశకుడి కనుబొమలు ముడిపడ్డాయి. అంతలోనే సున్నివా పెదవులు బిగించింది. ఆ చచ్చు రెల్లులోంచే పాట లేచి హాలంతా పరుచుకుంది. వయొలిన్లవాళ్ళు కాళ్ళతో నేల తట్టి మెచ్చుకున్నారు. పదేళ్ళుగా గుడ్మున్ చెప్పుకున్న సాకు ఆ చప్పుడులో కొట్టుకుపోయింది.

విరామంలో ఆమె పీక తిరిగిచ్చింది. "మీ కింది స్వరాన్ని నాతోపాటు దించారు చూడండి, లేకపోతే మునిగిపోయేదాన్ని."

దించినట్టు అతనికే తెలియదు. పెదవులు అలవాటుకొద్దీ ఆ పని చేసేశాయి.

"కావాలనే ఇచ్చాను," అన్నాడు నేల చూస్తూ.

"తెలుసు. మీ మొహం నాకు కొత్తా? రేపు మాత్రం మంచిదివ్వండి."

"ఇవ్వను," అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది కానీ, కడుపులో మంట మాత్రం తగ్గలేదు.

మధ్యాహ్నం ట్రాములో ఇంటికి బయల్దేరాడు. ఆఖరి స్టాపులో అందరూ దిగినా గుడ్మున్ దిగలేదు. డ్రైవరు వచ్చి భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. తర్వాత టోపీ తీసి, ఫోను అందుకున్నాడు.

మర్నాడు అతని స్టాండు మీది స్వరపత్రాలు సర్దడానికి సున్నివా వంగింది. రెండో ఓబో వరసల పైన ఖాళీలో పెన్సిలుతో, గుడ్మున్ సన్నటి రాతలో, ఆమె సోలో మొత్తం ఉంది. ఊపిరి తీసుకోవలసిన చోట్ల గీతలున్నాయి. అవి ఆమె ఆగే చోట్లు కావు. ఒక గీతను ఎన్నిసార్లు చెరిపి గీశాడో, అక్కడ కాగితం ఉల్లిపొరలా పలచబడి, స్టాండు దీపం అందులోంచి కనబడుతోంది.