వెనుక నిలబడ్డవాడు

అడిగినవాడు జవాబు వచ్చేదాకా ఏం చేయాలి, ఊరకే కూర్చోవాలా, మళ్లీ అడగాలా, తన మాట అవతలికి చేరిందో లేదోనని తట్టి తట్టి చూడాలా, పరుశురాం స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని గడపలో కూర్చున్న కూతురి వెనుకకు చప్పుడు కాకుండా నడుస్తున్నాడు, నవతకు నాలుగేళ్లు, పుట్టుచెవుడు, ఇంకా ఒక్క మాట రాలేదు, చెవి వెనుక మిషను పెట్టించి హోలీకి ముందే ఇంటికి తెచ్చారు, పెట్టిన డాక్టరమ్మ ఉషాదేవి తెలుగావిడే, శబ్దం అలవాటు కావాలి, మాట ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను, ఓపిక పట్టండి అన్నది, పట్టుకోవడానికి అది పళ్లెమా గరిటెనా, ఇవాళ కరెంటు పోయి, నేత పనికి వలసొచ్చిన ఈ బమ్రోలిలో మరమగ్గాల సాంచెలన్నీ ఆగాయి, కార్ఖానా మూసి కూలీలను పంపేశారు, సందు ఇంత నిశ్శబ్దంగా మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది, బిడ్డ నోట బాపూ అని వినబడిన నాడు వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కు చెల్లిస్తానన్నాడు, అన్నప్పటి నుంచి రోజూ ఈ పళ్లెమే, పిల్ల ఉలిక్కిపడితే మోతకా నీడకా అని అనుమానం, కదలకపోతే మళ్లీ మోగించడం, మొక్కి ఇడిసిపెట్టాలె, పొద్దుమాపు నిలదీయనీకి రాజన్న ఏమన్న నీ కార్ఖానా సేఠా, అని పొయ్యి దగ్గరి నుంచి భార్య మంగ, గది గాదే, ఇనవడుతున్నదా లేదా తెల్వద్దా, అని ఇతడు, ఎవలకు, పిల్లకా దేవునికా, అని మంగ నవ్వింది, అతడికి నవ్వు రాలేదు, గరిటె ఎత్తి పళ్లెం మీద కొట్టాడు.

నవత గిరుక్కున తిరిగింది, ఏడవలేదు, అరచేయి బోర్లించి కిందికి నొక్కింది, మళ్లీ నొక్కింది, ఆ సైగ ఈ ఇంటిది కాదు, సాంచెల మోతలో నోరు పనికిరాదు కనుక కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు, రెండు వేళ్లు మెలిపెడితే పోగు తెగిందని, అరచేయి నొక్కితే బంద్ చెయ్యమని, పక్క సాంచె నడిపే ఓంకార్ అన్నానికి వస్తే ఇక్కడా అదే అలవాటు, ఏందయ్యా, ఇంట్ల గుడ గీ చేతుల లొల్లేంది, నోళ్లు వడిపోయినయా అని మంగ ఎన్నిసార్లు తిట్టలేదు, పిల్ల ఆ మూలన కూర్చుని అంతా చూసింది, చూసి దాచుకుంది, బంద్ చెయ్ బాపూ, కాదు, బాపూ అన్నది లేదు, అది తన ఆశ కలిపిన మాట, బంద్ చెయ్ మాత్రం ఉంది, స్పష్టంగా ఉంది, ఎన్నాళ్ల నుంచి చెబుతోందో, వీపు వెనుక నిలబడ్డవాడికి చేతులు ఎలా కనబడతాయి.

ఇన్నాళ్లూ తాను ఓపిక పట్టాననుకున్నాడు, పట్టలేదు, నేసిన తానులో లోపం వెదికేవాడిలా బిడ్డను తిరగేసి చూశాడు, బిడ్డతోపాటు దేవుణ్ణి కూడా, నమ్మినవాడు వెనుకకు చేరి పళ్లెం మోగించడు, వినడం రాజన్న పని, మాట రేపు రావచ్చు, ఏళ్లు పట్టవచ్చు, రాకనే పోవచ్చు, మొక్కు మొక్కుగానే ఉంటుంది, ఈలోగా చేయవలసింది ఒకటుంది, అది తన పని, పళ్లెం, గరిటె తీసుకెళ్లి మంగ ముందు పెట్టాడు, అయిందా పరీక్ష, అయింది, ఇంక జెయ్య, అని గడప దాటి సందులోకి దిగి, నేల మీద చతికిలబడి, బిడ్డ కళ్లు తన కళ్లకు అందేలా తల వంచి, అరచేయి వెల్లకిలా తిప్పి, ఏంది బిడ్డా, ఏం గావాలె, అని అడిగాడు.