కొండ వైపు కిటికీ

మేస్త్రీ కిటికీ చట్రంలో టేపును మూడోసారి అడ్డంగా పట్టాడు. మొదటిసారి పద్దెనిమిది అంగుళాలు వచ్చింది. రెండోసారీ అంతే. ఆ ఇంటావిడ, పాల బూత్ నడిపే మనిషి, గుమ్మంలో నిలబడి నవ్వాపుకుంటోంది.

"అది కిటికీ, మేస్త్రీ. గంటగంటకీ పెరగదు."

"ఏమోనమ్మా. నాకు టేపు మీదే నమ్మకం లేదు."

ఊళ్ళో అందరూ అతన్ని అనుమానం మేస్త్రీ అనే పిలుస్తారు. అద్దాలు కోసి బిగించే పనిలో ముప్పై ఏడేళ్ళు గడిపాడు. పెళ్ళైన కొత్తలో ఎవరో చెప్పిన కొలత నమ్మి కోసిన అద్దం, చట్రంలో పెట్టగానే చేతిలోనే రెండుగా విడిపోయింది. కుడి బొటనవేలి గోరు అప్పుడే పోయింది, తర్వాత సగమే మొలిచింది. ఆనాటి నుంచి ఎవరి మాటా నమ్మడు. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. టీలో పంచదార వేశానని భార్య చెప్పినా చెంచాతో అడుగు తిప్పి చూస్తాడు. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. వేళ్ళ నిండా తెల్లటి పాత గాట్లు, చెవి మీద గాజు మీద రాసే మైనపు పెన్సిలు.

కొలవడం అయ్యాక అతను మోకాళ్ళ మీద కూర్చుని నేల మీది గాజు పెంకులను చూశాడు.

"ఊడ్చారా?"

"లేదు. ఊడవొద్దని నువ్వే కబురు పెట్టావుగా."

పెంకులన్నీ గది లోపలే పడి ఉన్నాయి. అతను కిటికీలోంచి బయటికి తొంగి చూశాడు. ఎదురుగా కొండ ఉంది. చేతిలోని జాబితాలో ఆ ఇంటి పేరు పక్కన మైనపు పెన్సిలుతో "కొండ" అని రాసుకున్నాడు.

ఊరికి తూర్పున ఏరు ఉంది, ఆ ఏరే సరిహద్దు. పడమట కొండ మీద మన ఫిరంగులున్నాయి. పన్నెండు రోజుల కిందట అవతలి నుంచి రెండు ఫిరంగి గుండ్లు వచ్చి పడ్డాయి. ఒకటి బస్టాపు మీద పడి ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. ఇంకొకటి గట్టు వీధిలో పడింది. ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆరు కాగానే మన ఫిరంగులు అవతలికి కాలుస్తున్నాయి. అవి పేలినప్పుడల్లా గోడలు అదురుతాయి, కొండకు ఎదురుగా ఉన్న కిటికీలు ఫెళ్ళున పగులుతాయి. ఇందులో రహస్యం ఏమీ లేదు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

పురపాలక కార్యాలయం మాత్రం ఒక జాబితా తయారుచేసింది. "అవతలివారి దాడిలో పగిలిన అద్దాలు" అని శీర్షిక. మొత్తం నాలుగు వందల పన్నెండు. అన్నీ ఆ దాడిలోనే పగిలాయని ధ్రువీకరిస్తూ కింద మేస్త్రీ సంతకం పెట్టాలి. పెడితే ప్రభుత్వం ఊరందరికీ ఉచితంగా అద్దాలు పంపిస్తుంది. లేకపోతే లేదు. గడువు ఈ సాయంత్రంతో సరి. నాలుగు రోజులుగా ఇల్లిల్లూ తిరిగి చూసుకుంటున్న మేస్త్రీకి పాల బూత్ ఆవిడ ఇల్లే ఆఖరిది.

మెట్లు దిగుతుంటే ఎడమ భుజం కింద పట్టేసినట్టైంది. గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, గ్యాస్ అనుకున్నాడు. లోకంలో అన్నిటినీ అనుమానించినవాడు, పాపం, గ్యాస్ అన్న ఆ ఒక్క మాట మాత్రం నమ్మేశాడు.

టీకొట్టులో రేడియో మోగుతోంది. అవతలి దాడులకు మన దళాలు తగినంత బదులే ఇస్తున్నాయనీ, ఒక్క గుండు కూడా ఎక్కువ వాడడం లేదనీ వార్తలు చదివే మనిషి గంభీరంగా చెబుతున్నాడు. ఎప్పుడో రిటైరైన పోస్టుమాస్టరు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు.

"తగినంత ఏంటి, నా మొహం! రెండింతలు ఇవ్వాలి. లేకపోతే మళ్ళీ వస్తారు."

"అసలు తగినంత అంటే ఎంతండీ?" అన్నాడు మేస్త్రీ.

"అదేం ప్రశ్న?"

"నేను అద్దం కోస్తే చట్రం కంటే ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువ కోస్తాను. ఎక్కువైతే పగులుతుంది, మరీ తక్కువైతే ఊడుతుంది. ముందు చట్రం కొలత తెలియాలి కదా. వీళ్ళు దేన్ని కొలిచి తగినంత అంటున్నారు?"

టీకొట్టు యజమాని గిన్నెలో టీ కలపడం ఆపి అడిగాడు.

"ఇంతకీ నువ్వు ఎవరి వైపు మేస్త్రీ?"

"కిటికీ ఏ వైపుంటే ఆ వైపు."

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకు కొట్టంతా గొల్లుమనేది. ఇవాళ పోస్టుమాస్టరు చేతిసంచీ సర్దుకుని లేచాడు. మూల బెంచీ మీద కూర్చున్న ఎవరో కొత్త మనిషి మేస్త్రీ వంక తేరిపార చూసి, మళ్ళీ పేపర్లో తల దూర్చాడు. మేస్త్రీ టీ సగంలోనే వదిలేశాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య వంటింట్లో దగ్గుతోంది. ఆమెకు ఉబ్బసం. వంటింటి కిటికీ కూడా కొండ వైపుదే. అద్దం పోయి ఆరు రోజులైంది. అడ్డం పెట్టిన అట్టముక్క తేమకు ఉబ్బి, చల్లగాలి సందుల్లోంచి లోపలికి వస్తోంది. కొట్లో అద్దాలన్నీ అయిపోయి ఒక్క గాజు రేకు మాత్రమే మిగిలింది. దాంట్లో ఒక కిటికీకే వస్తుంది.

"ఆ రేకు ఎవరికి కోస్తున్నారో నాకు తెలుసులెండి," అంది కంచం ముందు పెడుతూ.

"ఎవరికి?"

"ఇస్త్రీ ఆయనకి."

మేస్త్రీ తలొంచుకుని తిన్నాడు. ఇస్త్రీ బండి నడిపే అతని కూతురు బస్టాపు దగ్గర పోయిన ముగ్గురిలో ఒకతె. వాళ్ళ ఇంట్లో ఏటి వైపు కిటికీ ఆ రోజే పోయింది. దాన్ని మేస్త్రీ మర్నాడే బిగించాడు. వెనక, కూతురు పడుకునే గదిలో కొండ వైపు కిటికీ మొన్న పోయింది.

"పోనీ ఆ సంతకం పెట్టేయరాదూ? అందరికీ అద్దాలొస్తాయి, నాకూ ఊపిరాడుతుంది. మీరొక్కరే పట్టుబట్టి సాధించేదేముంది?"

ఆమె కోపంగా అనలేదు. అలా అనుంటే అతను ఏదో ఒకటి అనేవాడు. ఆమె దగ్గు వినలేక చెయ్యి కడుక్కుని కొట్టుకు వచ్చేశాడు. తను చేసేది తప్పేమోనని నిజంగానే అనిపించింది అతనికి.

గుమాస్తా అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, పాత పరిచయస్థుడిలాగే పలకరించాడు.

"మేస్త్రీ గారూ, పొద్దున టీకొట్లో ఏవో లెక్కలు చెప్పారట?"

"అప్పుడే మీ దాకా వచ్చిందా?"

"నా దాకా వస్తే ఫర్వాలేదు. నా పై వాళ్ళ దాకా వెళ్ళింది." గొంతు తగ్గించాడు. "మా ఇంట్లోనూ పదకొండు పోయాయి. చిన్నదానికి జ్వరం. నాకు మాత్రం తెలియదనుకున్నారా, ఏవి ఎలా పోయాయో?"

"నలభై మూడు ఏటి వైపువి. మిగతా మూడు వందల అరవై తొమ్మిదీ కొండ వైపువి. అలాగే రాసి సంతకం పెడతాను."

"ఫారంలో కొండ వైపు అనే గడి లేదండీ."

"గీస్తాను."

"గీస్తే అద్దాలు రావు. పైగా ఈ లెక్క ఎందుకడుగుతున్నారో తెలుసా? ఇన్ని అద్దాలు పోయాయి కాబట్టి ఇంత కొట్టాం అని చెప్పడానికి."

"అందుకేనండీ గీస్తానంటున్నది."

గుమాస్తా లేచాడు. ఆరు తర్వాత వచ్చి తీసుకెళ్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ కొట్టంతా ఒకసారి కలయజూశాడు, ఆ చూపు మేస్త్రీకి నచ్చలేదు.

నాలుగింటికి మేస్త్రీ ఇస్త్రీ అతని ఇంటికి వెళ్ళి వెనక కిటికీ నాలుగోసారి కొలిచాడు. గదిలో మంచం మీద దుప్పటి మడత నలగకుండా ఉంది. ఇస్త్రీ అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కొండ వైపు అని విడిగా రాస్తున్నావట."

"అవును."

"అలా రాస్తే నా కూతుర్ని ఎవరు చంపినట్టు అన్నా? రేపు అది కూడా మనవాళ్ళ పనే అంటారు. అవతల ఒక్క అద్దం మిగలకూడదు, ఒక్క గోడ మిగలకూడదు. ఇంకా కొట్టాలి. నేనిలాగే అంటాను. నువ్వేమైనా అనుకో."

మేస్త్రీ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నిన్ను అనొద్దనను. నీ ముందు కిటికీ ఏటి వైపు అనే రాశాను. ఆ గుండు అవతలి నుంచే వచ్చింది, ఎవడు కాదన్నా నేను సాక్ష్యం చెబుతాను. నలభై మూడు నిజాల్లో మూడు వందల అబద్ధాలు కలిపితే, తమ్ముడూ, రేపు జనం ఆ నలభై మూడింటినీ నమ్మరు. నీ కూతురు ఆ నలభై మూడింటి వైపు ఉంది."

నమ్మాడో లేదో మేస్త్రీకి తెలియలేదు. మేస్త్రీ బయటికి రాగానే ఇస్త్రీ అతను చిన్నగా తలుపు వేసుకున్నాడు.

కొట్టుకు వచ్చి రేకును బల్ల మీద పరిచి, వజ్రపు మొనతో గీత గీసి, అంచు మీద తట్టి విరిచాడు. చట్రం కంటే ఒక నూలు తక్కువ. అలవాటు ప్రకారం మూల మీద మైనపు పెన్సిలుతో రాశాడు: "ఇస్త్రీ ఇల్లు. కొండ వైపు." తర్వాత ఫారం తీసి, స్కేలు పెట్టి రెండు నిలువు గడులు గీసి, అంకెలు వేసి, కింద సంతకం పెట్టాడు. స్టూలు గుమ్మం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

కొండ వెనక్కి దిగే ముందు పొద్దు కాసేపు ఏటి అవతలి ఇళ్ళ మీద పడుతుంది. అక్కడి కిటికీలు ఒక్కొక్కటే తళుక్కుమంటే లెక్కపెట్టడం అతనికి ఏళ్ళ తరబడి అలవాటు. మంచి రోజుల్లో రెండు వందలు దాటేవి. వాటినీ ఎవరో ఒక మేస్త్రీ కొలిచి, కోసి, బిగించి ఉంటాడనుకునేవాడు. ఇవాళ ఎంతసేపు చూసినా ఒక్కటే మెరిసింది. తన కళ్ళ మీదే అనుమానం వచ్చి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఒక్కటే. భుజం కింద మళ్ళీ పట్టేసింది.

ఆరింటికి ఫిరంగులు పేలాయి. భార్య దగ్గుకుంటూ పరుగున వచ్చింది. కాల్పుల వేళకు కోసిన అద్దాన్ని పాత బొంత మీద పడుకోబెట్టడం అతను ఎప్పుడూ మరిచిపోడు. ఇవాళ అది గోడకు ఆనించే ఉంది, సన్నగా అదురుతోంది. అతను స్టూలు మీద గోడకు చేరగిలబడి ఏటి వైపు చూస్తున్నాడు. లెక్కపెడుతున్నాడనుకుని ఆమె రెండు నిమిషాలు పలకరించలేదు. తర్వాత చెయ్యి పట్టుకుంది.

మేస్త్రీ పోయిన ఆ గందరగోళంలో గుమాస్తా ఎప్పుడు వచ్చాడో, బల్ల మీది ఫారం ఎప్పుడు తీసుకెళ్ళాడో ఎవరూ గమనించలేదు. మూడో రోజున రేడియో చెప్పింది: అవతలివారి దాడిలో నాలుగు వందల పన్నెండు అద్దాలు పగిలాయనీ, స్థానిక నిపుణుడు స్వయంగా పరిశీలించి ధ్రువీకరించాడనీ, మన బదులు దానికి తగినంతే ఉందనీ. కార్యాలయం గోడకు అంటించిన ఆ ధ్రువీకరణ కాగితాన్ని భార్య వెళ్ళి చూసింది. సంతకం గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. బొటనవేలి గోరు సగం పోయిన మనిషి ముప్పై ఏడేళ్ళలో ఏనాడూ అంత చక్కగా రాయలేదు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అద్దాల లారీ ఆ మధ్యాహ్నమే వచ్చింది.

లారీ చుట్టూ జనం మూగిన వేళ ఇస్త్రీ అతను మేస్త్రీ కొట్టుకు వచ్చాడు. గోడకు ఆనించి ఉన్న అద్దాన్ని, దాని మీది రాతను చాలాసేపు చూశాడు.

"వదినా, ఇది నాదే కదా?"

ఆమె తలూపింది. అతను దాన్ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళి, కూతురి గదిలో తనే మేకులు కొట్టి బిగించాడు. కొలత సరిగ్గా సరిపోయింది. అంచుల్లో పూసిన లప్పం మరకలు, గోడ మీద వేలి గుర్తులు, అన్నీ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. మూల మీది మైనపు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆగింది, "కొండ వైపు" అన్న మాట అద్దం మీద అలాగే ఉండిపోయింది.