ఒంగోలావిడ నాలుగో వాక్యం

యువరాణి పేరుకే రాణి. పొద్దున ఆరింటికి తమిళనాడు కోవిల్‌పట్టిలో బస్సెక్కి, విరుదునగర్‌లో దిగి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, గిన్నెలు కడిగే మిషన్లు మొరాయించిన వాళ్ళకి సాయంత్రం దాకా సమాధానం చెప్పడం ఆమె ఉద్యోగం. తమాషా ఏమిటంటే, ఆ మిషన్‌ను ఆమె ఫోటోలో తప్ప చూసి ఎరగదు. వాళ్ళింట్లో మిషనంటే అమ్మ చిన్నతాయి, గుప్పెడు కొబ్బరిపీచు, బోరు నీళ్ళు.

హెల్ప్‌లైన్‌కి తెలుగు మాట్లాడేవాళ్ళు కావాలన్నప్పుడు, "ఇంట్లో తెలుగేనా?" అని సూపర్‌వైజర్ సెందిల్‌కుమార్ తమిళంలో అడిగాడు. అవునంది. చదవడం వచ్చా అని ఆయన అడగలేదు, రాదని ఈమె చెప్పలేదు. వాళ్ళ వీధి వీధంతా తెలుగు మాట్లాడుతుంది, ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. బళ్ళో నేర్పింది తమిళమూ ఇంగ్లీషూ. కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం చూసి ఇంటి తెలుగులో చెబుతూ మూడు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది. పనితనం చూడ్డానికి కంపెనీ పెట్టిన మూడు నెలల గడువు ఈ శుక్రవారంతో ఆఖరు. ఉద్యోగం ఖాయమైతే సరి, లేదంటే అమ్మ వెంట అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకే. ఆ మందు వాసన ఆమెకు పడదు.

గురువారం ఒంగోలు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. కడిగిన పళ్ళాల మీద సున్నం పూసినట్టు తెల్లగా ఉంటోందట, మిషన్ అడుగున నీళ్ళు నిలిచిపోయాయట. అంతకు ముందు హెల్ప్‌లైన్‌లో ఇంకో ఇద్దరు చెప్పింది ఆవిడ బుర్రకెక్కలేదు.

"కింది అర బయటికి లాగండమ్మా. అడుగున గుండ్రంగా జల్లెడ మాదిరి ఒకటి ఉండాది. ఎడమ పక్కకి తిప్పి పైకెత్తండి."

"ఉండాదా! నీ మాట భలే ఉందే. ఏ ఊరమ్మాయ్ మీది?"

ఊరు చెప్పకూడదని ఆఫీసు రూలు. "ముందు జల్లెడ ఎత్తండమ్మా," అంది యువరాణి.

జల్లెడ నిండా మెతుకులు, కరివేపాకు, ఒక చింతగింజ. కుళాయి కింద కడిగించింది. నీళ్ళు చిమ్మే రెక్కను చేత్తో తిప్పి చూడమంది. పొడుగు గరిటె ఒకటి అడ్డం పడుతోంది, తీయించింది. "తెలుపుకి మీ నీళ్ళే కారణమమ్మా. మా తావ కూడా ఉప్పునీళ్ళే. అడుగున ఉప్పు పోసే గుంత ఒకటి ఉండాది. వంట ఉప్పు వద్దు, ఆ మిషన్‌కని విడిగా అమ్మేది పోయండి."

సాయంత్రం ఆవిడే మళ్ళీ ఫోన్ చేసి, నీళ్ళు దిగిపోయాయని, గ్లాసులో మొహం చూసుకోవచ్చని చెప్పింది. ఇంటికి పోయే బస్సులో యువరాణి సాత్తూరు దాకా తనలో తానే నవ్వుకుంది.

శుక్రవారం మూడింటికి సెందిల్‌కుమార్ ఒక ఫోటో పంపాడు. ఒంగోలావిడ కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి పంపిన ఉత్తరం. "ఇది ఇంగ్లీషులో రాసి పది నిమిషాల్లో పంపమ్మా. దీన్ని బట్టే పైవాళ్ళు నీ సంగతి తేలుస్తారట. ఇదే ఫోటో హైదరాబాద్ ఆఫీసుకి కూడా వెళ్ళింది," అన్నాడు.

ఆ ఫోటోను ఫోన్లో చదివి పెట్టే యాప్‌కి చూపించింది. ఆ గొలుసుకట్టు రాతకి అది పిచ్చి మాటలేవో వినిపించి ఊరుకుంది. అమ్మకి ఫోన్ చేసి ఏం లాభం? తన బతుకు తన అరచేతిలోనే ఉంది, అది మంచో చెడో తనకే తెలియదు. యువరాణికి ఏడుపొచ్చింది. చివరికి ఒంగోలుకే ఫోన్ కలిపింది. ఆ లైనులో ప్రతి మాటా రికార్డవుతుంది. ఎవరైనా వింటే గుట్టు బయటపడుతుంది. పడితే పడనీ అనుకుంది.

"నిన్నటి పిల్లనమ్మా. మీరు రాసింది రవంత చదివి చెప్తారా? నాకు చదవను రాదు."

"తెలుగు చదవడం రాదా?"

"మాట్లాడను మాత్రం వస్తాదమ్మా."

ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని మొదలుపెట్టింది. "మా గిన్నెల మిషన్ వారం రోజులుగా పనిచేయలేదు. మీ ఆఫీసు పిల్ల ఎంతో ఓపిగ్గా చెప్పి బాగు చేయించింది. ఆ పిల్లకి నా ఆశీస్సులు." అక్కడ ఆగింది. "అంతే తల్లీ."

యువరాణి ఫోటో వంక చూసింది. అక్షరాలు తెలియకపోయినా, వాక్యం ముగిసిన చోట చుక్క పెడతారని తెలుసు.

"చుక్కలు నాలుగుండాయమ్మా. మీరు మూడే చదివితిరి."

"అదేదో ఊరికే రాశానులే."

"చదవండమ్మా. అంతా నేనే ఇంగ్లీషులో రాసి పంపాల."

ఆవిడ గొంతు బాగా తగ్గింది. "అయితే ఆ పిల్లది తెలుగు కాదు, ఎవరికో నాలుగు ముక్కలు నేర్పి కూర్చోబెట్టినట్టున్నారు, ఇకనైనా ఫోన్ ఎత్తడానికి ఒక తెలుగమ్మాయిని పెట్టండి." వెంటనే అందుకుంది. "తెలియక రాశానే తల్లీ. మళ్ళీ రాసి పంపుతా, ఇప్పుడే."

"వద్దులేమ్మా. అది పోయి చేరిపోయింది," అంది యువరాణి. పెట్టేసే ముందు ఉండబట్టలేక, "మా ఇంట్లో అందరమూ తెలుగేనమ్మా," అంది.

బళ్ళో చదివినన్నాళ్ళూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. తెలుగుపిల్ల అనే పిలిచేవాళ్ళు.

ఇంకా రెండు నిమిషాలున్నాయి. మూడు వాక్యాలూ ఇంగ్లీషులో కొట్టింది. నాలుగోది వదిలేద్దామని చెయ్యి ఆపింది. కానీ హైదరాబాద్‌లో చదవగలిగినవాళ్ళు బోలెడుమంది. అది కూడా కొట్టింది, ఒక్క మాట తగ్గించకుండా. పంపే మీట నొక్కితే, రోజూ పడ్డట్టే ఆమె పేరు దానంతటదే అడుగున పడింది: యువరాణి, తెలుగు విభాగం, విరుదునగర్.