చచ్చినవాళ్ళ సామాను

పొకువా మొగుడు ఓవుసుతో కాపురం చెయ్యాలంటే ఓర్పు ఒక్కటే చాలదు, కాస్త మతిమరుపు కూడా ఉండాలి. సంతలో టమాటాలు కొనాలంటే ఒక్కొక్కదాన్నీ నొక్కి, వాసన చూసి, అమ్మే ఆవిడ అమ్మమ్మ ఊరు అడిగి మరీ కొంటాడు. అదే మనిషి ల్యాప్‌టాప్ మాత్రం పైపై తళుకు చూసి కొనేశాడు.

ఘనా దేశపు కుమాసి ఊళ్ళో ఆ ఇద్దరి బతుకుతెరువు చావు వీడియోలు. అతను కెమెరా పడతాడు, ఆవిడ ఎడిటింగ్ చేస్తుంది. ఎవరు ఎలా ఏడ్చారో, ఎంత చదివించారో, ఎవరి నల్లబట్ట ఎంత ఖరీదో అన్నీ కనపడాలి. ఒక్క మేనత్త మొహం తగ్గినా బంధువులు ఊరుకోరు. ఈ శనివారం నానా సెర్వా అనే పెద్దావిడ సంవత్సరీకం. ఆవిడ ఆఖరిసారి వేసిన చిందు దగ్గర్నుంచి మట్టిలో కలిసేదాకా అంతా పందిట్లో తెర మీద వెయ్యాలి. సరిగ్గా ఇప్పుడే పాత ల్యాప్‌టాప్ కాలం చేసింది. ఆ కుటుంబం ఇచ్చిన బయానాతోనే ఇంకోటి కొనాల్సి వచ్చింది.

"ఎవరో వాడి వదిలేసిన ఆ లావుపాటిది తీసుకుందాం," అంది పొకువా కొట్లో. "బొమ్మల పనికి లోపల వేరే చిప్ ఉంది. ర్యామ్ పెంచుకోవచ్చు. మన డబ్బుకి అంతకన్నా మంచిది రాదు."

"తెల్లవాడు చస్తే ఓడెక్కి వచ్చిన సామాను నా గుమ్మం దాటదు. దాని వెనకాలే వాడూ వస్తాడు," అన్నాడు ఓవుసు. ఓడల్లో దిగే పాత సామానంతా చచ్చిన తెల్లవాళ్ళదేనని అక్కడివాళ్ళ మాట.

"మరి మనం తినే ఫుఫు ముద్ద ఎవరు పెడుతున్నారంటావ్? బతికున్నవాళ్ళా?"

"అన్నా, ఆవిడ మాట విను," అన్నాడు కొట్టు యజమాని ఆగ్యెయ్.

ఓవుసు వినలేదు. తళతళలాడే పల్చటి కొత్తదాని మీద ఒక సినిమా పెట్టించాడు. అది నీళ్ళలా సాగిపోయింది. అంతే, మురిసిపోయాడు. సినిమా ఆడించడం వేరు, వీడియో కోసి అతకడం వేరు అని పొకువా చెప్పేలోపే డబ్బు చేతులు మారింది.

గురువారం మధ్యాహ్నానికి కొత్త ల్యాప్‌టాప్ తెర మీద నానా సెర్వా ఒక కాలు గాల్లోకెత్తి, చేతిరుమాలు పైకి విసిరి, అలాగే నిలబడిపోయింది. యంత్రం అరటికాయ ముక్కలు వేయించుకునేంత వేడెక్కింది. పొద్దుట్నుంచి చేసిన పని పోయింది. వీడియోలకి చిన్న సైజు నకళ్ళు చేసి చూసింది, ఈసారి డిస్కులో జాగా చాలలేదు. యంత్రాన్ని ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే కాలు, అదే గాలి. పొకువా తలుపు వేసుకుని కాసేపు ఏడ్చింది. ఏడుపు కూడా ముక్కలు ముక్కలుగానే వచ్చింది.

ఫోన్ మోగింది. నానా సెర్వా ఇంటి పెద్దాయన.

"గుడారాలు వచ్చాయమ్మా. తెర వచ్చింది. మా అమ్మ ఎప్పుడొస్తుంది?"

"దారిలో ఉంది బాబాయ్," అంది పొకువా, గాల్లో ఉన్న ఆ కాలు చూస్తూ.

ఓవుసు తనకు చేతనైన పని చేశాడు. ఆగ్యెయ్‌కి ఫోన్ చేసి దొంగా, మోసగాడా అని గొంతు పోయేలా తిట్టాడు.

శుక్రవారం కొట్టు తెరవకముందే ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. డబ్బు వెనక్కివ్వనన్నాడు ఆగ్యెయ్, ఆ లావుపాటిదానితో మార్చుకోమన్నాడు. పొకువా తన డ్రైవ్ గుచ్చి, ముసలావిడ చిందు వీడియో తెరిచింది. కోసింది, అతికింది, రంగు సరిచేసింది. గాల్లో ఉన్న కాలు నేల మీదికి దిగింది. ముసలావిడ నడుము తిప్పింది.

ఆగ్యెయ్ నెమ్మదిగా ల్యాప్‌టాప్ మూసి దాని మీద చెయ్యి పెట్టాడు.

"తీసుకెళ్ళక్కా, నాకేం లేదు. కానీ నిన్న మీ ఆయన నన్ను దొంగన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, ఈ కొట్ల వరసంతా విన్నారు. ఇప్పుడు ఈ వరసంతా వినేలా ఆ మాట దిద్దుకోమను."

ఓవుసు కప్పు కేసి చూశాడు. రోడ్డు కేసి చూశాడు. అతను చావుకైనా ఒప్పుకుంటాడు గానీ దీనికి ఒప్పుకోడని పొకువాకి తెలుసు.

"ఓవుసూ, రేపు ఆవిడ రాకపోతే, ఈ ఊళ్ళో ఇంకెవరూ మనల్ని చావుకి పిలవరు," అంది మెల్లగా.

ఈసారి అతను పెళ్ళాం కేసి చూశాడు. "ఆగ్యెయ్ దొంగ కాదు," అని గొణిగాడు.

"ఇక్కడికి వినపళ్ళేదు!" అంది పక్క కొట్లో ఛార్జర్లమ్మే ఆవిడ.

ఓవుసు మెట్టు దిగి వరస మధ్యలో నిలబడ్డాడు.

"ఆగ్యెయ్ నన్ను మోసం చెయ్యలేదు! వద్దని అతనూ చెప్పాడు, నా పెళ్ళామూ చెప్పింది. నేనే వినలేదు. తప్పు నాది!"