రెండు సెకన్ల పిల్లలకోడి

విమానాల గీతలు పడిన ఫొటోలను ఒక్కొక్కటే ఏరి పారేస్తూ జోగారావు రెండో గ్లాసు టీ కూడా చల్లార్చేశాడు. రాత్రి తీసినవి నూట ఎనభై, అందులో ముప్పై ఏడు విమానాల పాలయ్యాయి. శంషాబాద్ పక్కన కాపురముండి నక్షత్రాలకు ఫొటోలు తీసేవాడికి ఆ మాత్రం తప్పదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా ఉంటాడు, మెడ కాస్త ముందుకు వాలి ఉంటుంది. పగలంతా కార్గో షెడ్డులో తూకం యంత్రం మీదికి, రాత్రిళ్లు కెమెరా మీదికి వంగీ వంగీ వచ్చిన వాలు అది.

అమావాస్యనాడు జనం గడప దాటడానికి జంకుతారు. జోగారావు దానికోసం నెలంతా కాచుకుంటాడు. చీకటి ఎంత చిక్కగా ఉంటే ఫొటో అంత బాగా వస్తుంది మరి. సరిగ్గా ఆ రాత్రే నల్లగుడ్డ కప్పిన గొట్టంతో మేడెక్కే మనిషిని ఏ ఇంటివాళ్లు భరిస్తారు? అత్తాపూర్‌లో ఒకరు, బుద్వేల్‌లో ఇంకొకరు గది ఖాళీ చేయించారు. రావిర్యాలలో గోపయ్య మాత్రం సంగతి విని నవ్వి, మేడమీది గది ఇచ్చాడు. అమావాస్య రాత్రి వాకిట్లో బల్బు కూడా తనే ఆర్పేవాడు.

గోపయ్యకు ఎనభై ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు ఆకాశంలో పిల్లలకోడి ఎక్కడుందో చూసి మోట కట్టే వేళ తెలుసుకున్న రైతు. కృత్తికలకు ఆయన ఎరిగిన పేరు అదే, ఒక తల్లికోడి, ఆరు పిల్లలు. ఇప్పుడు కాగితమైతే ముక్కు దగ్గర పెట్టుకుని చూడగలడు గానీ, చుక్కలు ఆనవు. మంచం పట్టాక, ఒక్కసారి పిల్లలకోడిని మళ్లీ చూడాలని ఉందన్నాడు. ఆ కోరిక తీరకుండానే పోతాడేమోనని జోగారావుకు లోపల గుబులు.

అందుకే ఆ ఉదయం డ్యూటీకి పోతూ, మూడు చలికాలాల ఫొటోలను ఒకదాని మీద ఒకటి కలిపి అచ్చు వేయించిన పెద్ద బొమ్మ ఆయన చేతిలో పెట్టాడు. నీలిపొగలాంటి వెలుగు, దాని నిండా వందల చుక్కలు. తెలిసినవాళ్లంతా ఔరా అన్న ఫొటో అది. గోపయ్య కళ్లు చికిలించి ఈ మూల నుంచి ఆ మూలకు వెతికాడు.

"మస్తుగున్నది సారూ. గని గిండ్ల నా కోడేది? గిన్ని పిల్లల్ల తల్లి తప్పిపోయింది."

షెడ్డులో మందుల పెట్టెలు తూచి చీటీలు అంటిస్తున్నంతసేపూ జోగారావు మనసు ఆ మాట దగ్గరే ఉంది. మధ్యాహ్నం పెరుగన్నం ముందు కూర్చున్నప్పుడు తట్టింది. కంటికి కనిపించనిదాన్ని పట్టుకోవడం తన విద్య. గోపయ్య అడిగింది ఒకప్పుడు కంటికి కనిపించినదాన్ని. ఫోకస్ కుదిరిందో లేదో చూసుకోవడానికి మొదట, కంటికి ఆనే చుక్కలు మాత్రమే పడే రెండు సెకన్ల ఫొటో ఒకటి తీసి, ఆనక చెరిపేస్తాడు. అదృష్టం బాగుండి రాత్రిది ఇంకా చెరపలేదు.

సాయంత్రం శంషాబాద్ స్టూడియోలో దాన్ని పెద్దది చేయించాడు. అంత నల్ల కాగితం మీద ఆరంటే ఆరే చుక్కలు. స్టూడియో ఆయన ఇంకు దండగని గొణిగాడు.

గోపయ్య కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చుక్కల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత బోసినోరు మెల్లగా విచ్చుకుంది.

"ఇగో, ఇది నా కోడి."

మేడ మీద ఆకాశం నిర్మలంగా ఉన్నా జోగారావు ఆ రాత్రి కెమెరా ముట్టుకోలేదు. తన ఫొటో చూసి ఇంతగా సంతోషించిన మనిషి ఇంకొకరు లేరు. కడుపునిండా తిని హాయిగా పడుకున్నాడు.

తెల్లవారుతుండగా గోపయ్య భార్య రేణుకమ్మ కింద నుంచి పిలిచింది. గోపయ్య నిద్రలోనే పోయాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. జోగారావు గుమ్మం పట్టుకుని నిలబడి, దాచుకోకుండా ఏడ్చాడు.

"రాత్రి గూడ గా ఫొటో ఇడువలేదు సారూ," అంది రేణుకమ్మ. "ఒక పిల్ల తక్కువున్నదని జర పరేషానయిండు. ఆఖరికి తనే పెట్టుకోని పన్నడు."

ఫొటో తలగడ పక్కనే ఉంది. ఆరు చుక్కల పక్కన, పొగాకులో వేసుకునే సున్నంతో వేలికొసన అద్దిన ఏడో చుక్క ఎండి తెల్లగా ఉంది.