నిటారుగా రాలిన రవ్వలు

"ఆడిది నిప్పుతో పని. నీదేటి, నీడపట్టున కూకునే పని. ఆ సొక్కా కుట్టడానికి ఇంతసేపేటి?" అంది అత్త చిట్టెమ్మ. కోటేశ్వరి దారం కొరికి ముడేసింది. భర్త కొండలరావు రైల్వే వర్క్‌షాపులో గ్యాస్ కటింగ్ చేస్తాడు. రవ్వలు పడి చిల్లులైన అతని ఖాకీ చొక్కాకి మాట్లు వేసి, ఇద్దరికీ క్యారేజీలు సర్ది, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి ఊరవతలి హిజ్లీకి సైకిలెక్కింది.

అక్కడి కాలేజీ లాబ్‌లో ఆమె అటెండరు. తొంభైలో లేజర్‌తో ఇనుము కోసే మిషను వచ్చినప్పటి నుంచీ దాని లెన్సు తుడవడం, గ్యాసు సిలిండరు మార్చడం, ఆపరేటరు సుందర్ రాజుకి టీ తేవడం ఆమె పనులు. మధ్యాహ్నం అతను కునుకు తీసేటప్పుడు కోతపని కూడా ఆమెదే. "పైకి సెప్పకు దీదీ" అనేవాడు. చెప్పలేదు. చెబితే ఆ గంటసేపూ మిషను ముందు నిలబడే భాగ్యం పోతుందని భయం. పలక కింద రవ్వలు వెనక్కి వాలుతుంటే వేగం ఎక్కువైనట్టు, నిటారుగా రాలుతుంటే సరిపోయినట్టు. అది ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో ఎవరికీ పట్టని ఆ ఆనందాన్ని రెండేళ్ళుగా ఒక్కతే దాచుకుంది.

ఆవేళ సుందర్ రాజు జ్వరమని రాలేదు. రైల్వే వర్క్‌షాపు నుంచి నలుగురు చక్రం కోయించుకోడానికి మూడు మిల్లీమీటర్ల ఉక్కు పలక తెచ్చారు. నలుగురిలో కొండలరావు ఒకడు. లాబ్ ప్రొఫెసర్ గారు వాళ్ళని ఇంకోరోజు రమ్మనబోయారు.

"నేను కోస్తాను సార్."

"తుమి పార్బే?" చేయగలవా అని బెంగాలీలో అడిగారాయన.

"పార్బో సార్. రోజూ మధ్యాహ్నం కోస్తున్నది నేనే."

అనేసి మిషను దగ్గరికి నడిచింది. ఫోకస్ సరిచేసింది, ఆక్సిజన్ తిప్పింది, వేగం కాస్త తగ్గించింది. రవ్వలు నిటారుగా రాలాయి. తెగిన చక్రం చల్లారాక కొండలరావు దాని అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు.

"ఏటే, ఆకురాయి పెట్టక్కర్లేదా?"

"అక్కర్లేదు."

అతను చక్రాన్ని తిప్పి తిప్పి చూశాడు. పక్కవాడితో "మా ఆడదే" అన్నాడు, మెల్లగా. ప్రొఫెసర్ గారు పుణెలో మూడు నెలల ఆపరేటరు ట్రైనింగుకి మనిషిని పంపే కాగితం తీసి, ఖాళీగా ఉన్న పేరు గడి చూపించారు. సుందర్ రాజు పేరే రాస్తారని అందరూ అనుకుంటున్న గడి అది.

సాయంత్రం ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ వస్తున్నారు.

"మూడు నెల్లంటే ఇల్లెవలు సూస్తారే? అమ్మేటంటాదో? ఓ మాట నన్నడిగి..."

ఇన్నేళ్ళూ అలాంటి మాటకి ఆమె నడక ఆగిపోయేది. ఇవాళ ఆగలేదు.

"సంతకం ఎట్టేసినాను మావా. పప్పెలా ఉడకెయ్యాలో రేపు నేర్పుతాను" అని సైకిలెక్కింది.