అడిగిన చోటే చూసింది

నా పీహెచ్‌డీ గైడు వాసుదేవ సారు కోపిష్టి అని తెలుసు గానీ, నా కళ్ళకు గంతలు కడతాడని అనుకోలేదు. ఒక ఎర్ర నక్షత్రాన్ని చూడటానికి అంతరిక్ష టెలిస్కోప్‌లో మా ఇద్దరికీ కలిపి నాలుగు గంటలు దొరికాయి. దరఖాస్తులో పెద్ద పేరు ఆయనది, పని నాది. ఆ డేటా రాకపోతే నా పీహెచ్‌డీ లేనట్టే. గడువు ఈ ఏడాదితో ఆఖరు. ఎప్పుడడిగినా "ఇంగా రాలేదమ్మా" అనేవాడు. ఈ రోజు పొద్దున టెలిస్కోప్ వాళ్ళ పట్టిక తెరిచి చూస్తే ఏముంది, మా వంతు అయిపోయి ఎనభై ఆరు రోజులు! ఏదైనా చెడిపోతే మళ్ళీ చూడమని అడగడానికి తొంభై రోజులే గడువు.

కోలారులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కాను. కేజీఎఫ్‌లో దిగేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. పాత బంగారు గని దిబ్బల దుమ్ముకు ఆయన ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు తీసిన ఆయన భార్య అలమేలమ్మ నా ముఖం చూసి పక్కకు తప్పుకుంది.

"డేటా యాడుండాది సార్?"

"వచ్చిండాది. అందులో నక్షత్రం లేదు. ఉత్త చీకటి."

"మూడు నెలలు దాచిపెట్టి నా బతుకుతో ఆడుకుంటారా? సిగ్గు లేదా మీకు?"

"సిగ్గు సంగతి నువ్వెత్తొద్దు. కూచో."

నేను కూర్చోలేదు. ఆయన ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. మళ్ళీ చూడమని అడిగే ఫారం సగం నిండి ఉంది. కారణం: గురి నిలపడానికి వాడే నక్షత్రం టెలిస్కోప్‌కు దొరకలేదట! నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ ప్రతి నిమిషానికీ రికార్డు ఉంటుంది, ఈ అబద్ధాన్ని వాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

"ఎవరి తప్పు కప్పేదానికి సార్ ఈ నాటకం? మీదేనా?"

ఆయన మా పాత దరఖాస్తు తెరిచాడు. ఆ నక్షత్రం ఉన్నచోట ఉండదు, ఏటా కొంచెం జరుగుతుంది. పాతికేళ్ళ కిందటి స్థానం రాసినప్పుడు, ఏడాదికి ఎంత జరుగుతుందో పక్క గడిలో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంది. కింద, నింపినవారు: వినుత.

వినుత అంటే నేనే.

"మన తప్పయితే మళ్ళీ చూడరు, నీకూ తెల్సు. చెప్తే నా మీదే ఎగురుతావని చెప్పలా. చెప్పకపోయినా ఎగిరినావు. ఇంగ ఆ అబద్ధమే పంపిద్దాం. దొరికితే పొయ్యేది నా పేరే."

ఆయన జాలికి ఇంకా మంటెత్తింది. "మీ దయ నాకేం వద్దు!" అని ఆ వాక్యం చెరిపేశాను. కదలిక నింపడం నేనే మరిచానని, టెలిస్కోప్ మేము అడిగిన చోటే చూసిందని రాసి, ఆయన చేతే పంపించాను. తర్వాత వాళ్ళ వరండాలో కూర్చుని బాగా ఏడ్చాను.

పన్నెండో రోజు జవాబొచ్చింది. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. మళ్ళీ చూడటం కుదరదు. కావాలంటే వచ్చే ఏడాది కొత్త దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఫోన్‌లో సారుకు చదివి వినిపించాను.

"పెడతాను," అన్నాడు. "పని మాత్రం కొత్తగా చేరిన అనంత్‌కిస్తాను. వాడికి ఇంగా మూడేళ్ళు గడువుండాది. నీకు లేదు కదమ్మా."

ఐదేళ్ళుగా ఆయన ఒకటంటే పది అన్నదాన్ని. తిట్టడానికి నోరు తెరిచాను, కానీ ఆయన మాటలో తప్పేమీ దొరకలేదు. "సరే సార్," అన్నాను.